ఆ నాలుగున్నర లక్షల లెక్కలో ఉద్దెర ఎక్కడ?

వరంగల్ నుంచి వచ్చిన ఈ ఉత్తరం ఆరు పేజీలు. చివర పిన్ను కొట్టి ఒక లెక్కల కాగితం. పేరు, ఊరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

ఆయనకు 36 ఏళ్లు. పదో తరగతి తప్పాక కొన్నాళ్లు ఆటో నడిపి, ఆ తర్వాత వరంగల్‌లో ఒక మోటరు వైండింగ్ షాపులో చేరారు. పదమూడేళ్లయింది. చేరిన కొత్తలో కాలిన తీగ పీకడం, కడగడం, చాయ్ తేవడం. ఇప్పుడు ఐదు హెచ్‌పీ, ఏడున్నర హెచ్‌పీ బోరు మోటర్లకు ఒక్కరే కాయిల్ చుట్టి దింపేస్తారు. జీతం 17,000, చేతికే ఇస్తారు. భార్య ఇంట్లో జాకెట్లు కుట్టి నెలకు 4,000 దాకా తెస్తుంది. పిల్లలు ఇద్దరు, ఏడో తరగతి ఒకరు, నాలుగో తరగతి ఒకరు. సొంతూరు నర్సంపేట దగ్గర పల్లె. అక్కడ అమ్మ, ఎకరంన్నర చెలక.

నర్సంపేటలో సొంత షాపు పెట్టాలన్నది ఆయన కోరిక. మెయిన్ రోడ్డు మీద షట్టర్ చూశారు. అందుకు కావలసిన నాలుగున్నర లక్షల్లో తను దాచినది 1,40,000. బాంబేలో ఉండే బామ్మర్ది 2 లక్షలు పెడతానన్నాడు, సగం వాటాకు. మిగతా 1,10,000 భార్య బంగారం కుదువ పెట్టి. భార్య ఒప్పుకోవడం లేదు. ఓనర్‌కు ఇంకా చెప్పలేదు. మూడేళ్ల కింద అపెండిక్స్ ఆపరేషన్‌కు ఓనర్ 50,000 సర్దారు, అందులో 20,000 బాకీ ఉంది. "చెప్పకుండ పోతే పాపం, చెప్తే పోనియ్యడు" అని రాశారు. ముహూర్తం శ్రావణంలో బాగుందని అయ్యగారు చెప్పారట. ఆయన అడిగినవి నాలుగు: ఉద్యోగం మానేయాలా, బామ్మర్దిని కలుపుకోవాలా, ఓనర్‌తో ఎట్ల చెప్పాలి, బోర్డు మీద ఏం పేరు పెట్టాలి.

నాలుగో పేజీలో ఆయన దాటేసి పోయిన ఒక వాక్యం ఉంది. "మా బాపు కిరాణం దుకాణం ఉద్దెరల్ల మునిగిపోయింది, ఆ ఎర్ర అట్ట బుక్కు ఇప్పటికీ అటక మీద ఉంది, అవ్వ పారేయనీయదు."

తమ్ముడూ,

నేను బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ ఎక్కువ భాగం పల్లె బ్రాంచీల్లోనే గడిచింది. సొంత షాపు పెట్టుకుంటామని వచ్చినవాళ్లు తెచ్చే కాగితాలు చాలా చూశాను. మీ కాగితం వాటిలో మంచిదే. షట్టర్ అడ్వాన్స్ 60,000, వైండింగ్ మెషిన్, ఓవెన్, టెస్టింగ్ ప్యానెల్, సామాన్లు కలిపి 1,50,000, తీగ స్టాకు 1,20,000, కౌంటరు, ర్యాకులు, రంగులు, బోర్డు 85,000, ఓపెనింగు రోజు పూజ, భోజనాలు 35,000. కూడితే సరిగ్గా 4,50,000. కూడిక తప్పు లేదు. కానీ ఈ కాగితం షాపు తెరిచిన రోజు సాయంత్రానికి అయిపోతుంది. మర్నాడు పొద్దున నుంచి ఏమవుతుందో అందులో లేదు.

మీ అంకెలతోనే చూద్దాం. కిరాయి 5,500, కరెంటు 2,500, హెల్పర్‌కు 11,000, ఇంటి ఖర్చు 18,000, బంగారం మీద వడ్డీ ఓ వెయ్యి. మొత్తం 38,000. మీ ఇంటామె సంపాదన 4,000 తీసేస్తే 34,000. (కాపురం నర్సంపేటకు మారితే ఆమె గిరాకీ వరంగల్‌లోనే ఉండిపోతుంది. జాకెట్లు కుట్టే మనిషిని నమ్మడానికి ఆడవాళ్లకు ఏళ్లు పడుతుంది. ఆ 4,000 కూడా మొదటి ఏడాది రాదనుకోండి.) ఒక మోటరుకు 5,000 తీసుకుంటే తీగ, బేరింగులు, బుష్‌లు పోను 1,500 మిగులుతుందని రాశారు. అంటే బతకడానికే నెలకు 23 మోటర్లు కావాలి.

వస్తాయి, యాసంగిలో వస్తాయి. జనవరి నుంచి మే దాకా బోర్లు రాత్రీ పగలూ నడుస్తాయి, నీళ్లు కిందికి పోతాయి, మోటర్లు కాలతాయి. మీ ఇప్పటి షాపులో ఆ నెలల్లో నలుగురు కలిసి నెలకు 60 దాకా చుట్టామని మీరే రాశారు. మరి ఆ 23 మందిలో ఎంతమంది అప్పటికప్పుడు డబ్బులిస్తారు? మీ ఓనర్ దగ్గర సగానికి ఎక్కువ ఉద్దెరే అన్నారు. 12 ఉద్దెర, 11 నగదు అనుకుందాం. 11 మోటర్లకు చేతికి వచ్చేది 55,000. తీగ, సామాను మాత్రం 23 మోటర్లకూ కొనాలి. 3,500 చొప్పున 80,500. చూశారా? నెలంతా వొళ్లు వంచి పనిచేసి, ఒక్క మోటరూ వాపసు రాకుండా చుట్టి కూడా తీగ కొన్న బాకీ తీరదు. కిరాయి, హెల్పర్, ఇంట్లో బియ్యం దాని మీద. కలిపితే నెలకు 60,000 తక్కువ. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మూడు నెలలకు 1,80,000.

ఆ డబ్బు పోలేదు, రైతుల దగ్గర ఉంది. వడ్లు కొనుగోలు సెంటర్లో తూకమై, ఖాతాలో పడ్డాక మే, జూన్‌లలో చాలావరకు తిరిగి వస్తుంది. కానీ అప్పటిదాకా మీరు నిలబడాలి. ఆ వెంటనే వానలు పడతాయి. వానకాలం నాలుగు నెలలు నెలకు ఎనిమిది మోటర్లు వస్తే గొప్ప అని మీరే అన్నారు. ఎనిమిది మోటర్లకు 12,000. కావలసింది 34,000. నెలకు 22,000 చొప్పున మరో 88,000.

నేనూ ఒకసారి ఈ తప్పు చేశాను, అవతలి కుర్చీలో కూర్చుని. ఒక మండల కేంద్రంలో మెకానిక్ ఒకాయనకు లోన్ ఇచ్చాను. మెషిన్లకు కొటేషన్ అడిగాను, షట్టర్ కిరాయి కాగితం అడిగాను, జామీను అడిగాను. గిరాకీకి ఎన్నాళ్లు ఉద్దెర ఇస్తావని అడగలేదు, ఆ ఫారంలో అట్లాంటి గడే లేదు. రెండో యాసంగిలో ఆయన షాపు ముందు తొమ్మిది మోటర్లు పడి ఉన్నాయి, తీగ కొనడానికి పైసల్లేవు. పని లేక మూసుకున్న షాపు కాదది. పని ఎక్కువై మూసుకుంది. ఆయన పని మంచిదని ఊరంతా అనేది.

అందుకే మీ బాపు బుక్కు అటక మీద నుంచి దింపమంటున్నాను. ఒక ఆదివారం అమ్మ దగ్గర కూర్చుని తిప్పండి. ఎవరు ఎంత బాకీ పడ్డారన్నది ముఖ్యం కాదు. కొట్టేసిన పద్దులు చూడండి. అవి తీరినవి. ఏ నెలలో తీరాయి, ఏ పంట అమ్మాక తీరాయి, ఏ మొత్తం దాటాక ఇక తీరలేదు? మీ అమ్మకు ఆ పేర్లన్నీ యాదికి ఉంటాయి, పక్కన కూర్చుంటే కథలతో సహా చెప్తుంది. ఆమె ఆ బుక్కు ఎందుకు దాచిందో నాకు తెలియదు గానీ, మీ ఇంట్లో వ్యాపారం గురించి రాసి ఉన్న కాగితం అదొక్కటే.

ఇప్పుడు షాపు సంగతి. "వద్దు" అని నేను అనను. పదమూడేళ్ల పని చిన్నది కాదు. కాలిన మోటరు విప్పగానే ఏ కాయిళ్లు నల్లబడ్డాయో చూసి ఒక ఫేజు (మూడు కరెంటు లైన్లలో ఒకటి) పోయి కాలిందా, కేబుల్ జాయింటులో నీళ్లు దిగి కాలిందా చెప్పగలనన్నారు. ఆ మాట మీరు మామూలుగా రాశారు, నేను రెండుసార్లు చదివాను. వైండింగ్ చేసేవాళ్లు నర్సంపేటలో ఇప్పటికే ఉన్నారు. ఎందుకు కాలిందో రైతుకు చూపించి, స్టార్టర్ డబ్బాలో రిలే మార్చి, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటరును ఆపేసేది) పెట్టి పంపేవాళ్లు తక్కువ. ఆ చిన్న సామాను నగదు మీద నడుస్తుంది. మోటరుకు 5,000 ఉద్దెర చెప్పిన రైతే స్టార్టర్‌కు 800 జేబులోంచి తీసిస్తాడు, అది లేకపోతే మోటరు నడవదని తెలుసు కనుక.

నగదు తెచ్చే పని ఇంకా ఉంది, మీ కాగితంలో లేదు. ఫ్యాన్లు, కూలర్ మోటర్లు, మిక్సీలు, ఇళ్ల మీది ట్యాంకుకు నీళ్లెక్కించే అరహెచ్‌పీ మోటర్లు. బోరు మోటర్ల చేయి తిరిగినవాళ్లకు మిక్సీ పట్టుకోవాలంటే నామోషీ అని తెలుసు. కానీ ఫ్యాను బాగు చేయించుకున్న మనిషి 250 చేతిలో పెట్టి ఫ్యాను సంకన పెట్టుకుని పోతాడు. పద్దు రాయాల్సిన పని ఉండదు. మార్చిలో రోజుకు మూడు ఫ్యాన్లు, ఒక కూలరు వస్తే మీ కిరాయి, కరెంటు అక్కడే తేలిపోతాయి.

షట్టర్ గురించి మూడు మాటలు. మెయిన్ రోడ్డు మీద ఉందని మురిసిపోకండి. మొదట, త్రీ ఫేజ్ మీటరు ఉందా? ఐదు హెచ్‌పీ మోటరు నడిపి చూపించకుండా రైతుకు అప్పగించలేరు. లేకపోతే ఎన్‌పీడీసీఎల్ కరెంటు ఆఫీసులో దరఖాస్తు, డిపాజిట్, ఎదురుచూపు. అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగండి, ఖర్చు షట్టర్ ఓనరుదా మీదా కాగితం మీద రాయించుకోండి. రెండోది, సబ్‌మెర్సిబుల్ టెస్టుకు నీళ్ల తొట్టి, ఆ నీళ్లు పోయే దారి. మూడోది, ట్రాలీ ఆటో వెనక్కి వచ్చి షట్టర్ ముందు ఆగగలదా. బోరు మోటరును ఎవరూ సంచిలో వేసుకుని రారు. మెయిన్ రోడ్డు వెనక సందులో ఈ మూడూ ఉండి కిరాయి 3,000 అయితే అదే మీ షాపు. మోటరు కాలిన మనిషి అద్దాల కౌంటరు చూసి రాడు.

అసలు మోటరు ఏ షాపుకు పోవాలో చాలాసార్లు రైతు నిర్ణయించడు. బోరు మీద మూడు కాళ్ల గెడ పెట్టి, చైన్ పుల్లీతో పైపులు గుంజేవాళ్లు ఉంటారు కదా, వాళ్లు "ఫలానా దగ్గర ఏద్దాం పా" అంటారు. ఆ మోటరు గుంజే బ్యాచులు మీరు అనుకునే ఊళ్లలో ఎన్ని ఉన్నాయి, ఇప్పుడు ఎవరి దగ్గర వేస్తున్నారు, ఎంత ముట్టజెప్పాలి? ఇది తెలియకుండా షట్టర్ అడ్వాన్స్ ఇవ్వడమంటే బోరు పాయింటు చూపించకుండా డ్రిల్లింగు బండిని పిలిచినట్టే. ఊళ్ల ఎంపిక కూడా చూడండి. పాకాల చెరువు కింద నీళ్లు పారే ఊళ్లకూ, బోర్ల మీదే బతికే ఊళ్లకూ మీ గిరాకీలో చాలా తేడా ఉంటుంది. సొంతూరు కనుక ఏ ఊళ్లో ఏముందో మీకే బాగా తెలుసు. సెలవు రోజుల్లో బండి మీద తిరిగి, ఊరికి ఎన్ని బోర్లు, గుంజేవాళ్లెవరు, ఇప్పుడు మోటర్లు ఎటు పోతున్నాయి, ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. పెట్రోలు ఖర్చు తప్ప నష్టం లేదు.

ఇక దారులు. నాకు మూడు కనిపిస్తున్నాయి.

మీరు అనుకున్నట్టే శ్రావణంలో పూర్తి షాపు తెరవడం మొదటిది. అయ్యగారు తిథి చూశారు, యాసంగి చూడలేదు. శ్రావణం అంటే వానల మధ్య, మోటర్లు పొలంలో చల్లగా ఉండే నెలలు. తెరిచిన మర్నాటి నుంచే నెలకు 22,000 లోటు మొదలై, గిరాకీ వచ్చే జనవరికి మీ చేతిలో తీగ స్టాకు సగం కరిగి ఉంటుంది. ముహూర్తమే కావాలంటే కార్తీకంలోనూ మంచి రోజులున్నాయి. పత్తి డబ్బు చేతికొస్తూ ఉంటుంది, నార్లు పోసే ముందు మోటర్లు ఒకసారి చూపించుకుంటారు. అప్పటికి మీరు తిరిగి ఉంటే ఆ ఊళ్లలో మీ పేరు తెలిసి ఉంటుంది. మంచి చెడు రెండూ ఈ దారిలోనే ఎక్కువ. నిలబడితే రెండేళ్లలో మీదంటూ ఒక షాపు. నిలబడకపోతే బంగారం పోతుంది, బామ్మర్దితో మాట పోతుంది.

రెండోది చిన్నగా మొదలుపెట్టడం. కౌంటరు, రంగులు, భోజనాలు అని రాసిన 1,20,000 పక్కన పెట్టండి, అదే మీ ఉద్దెర నిధి. పాత వైండింగ్ మెషిన్ దొరికితే చూడండి. హెల్పర్‌ను నెల జీతం మీద కాకుండా సీజన్‌లో రోజుకూలీ మీద పెట్టుకోండి. పిల్లల చదువు ఈ ఏడాది పూర్తయ్యేదాకా కాపురం వరంగల్‌లోనే ఉండనిచ్చి మీరు రోజూ పోయి రండి, లేదా అమ్మ దగ్గర ఉండి వారానికోసారి రండి. కష్టమే. ఎండాకాలం నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చి పిల్లల హోంవర్కు చూసే ఓపిక ఉండదు, ఇంట్లో చికాకులు వస్తాయి. కానీ ఇంటామె గిరాకీ పోదు, పోగొట్టుకునే మొత్తం సగానికి దిగుతుంది.

మూడోది మీ ఉత్తరంలో అసలు లేనిది: ఓనర్‌తో కలిసి చేయడం. నర్సంపేట వైపు నుంచి ఆయనకు మోటర్లు వస్తున్నాయా? వస్తుంటే అక్కడ ఆయన పేరు మీద మీరు కూర్చుని, తీగ ఆయనది, పని మీది, మోటరుకు ఇంత అని ఒప్పందం. ఉద్దెర భారం ఆయన మీద ఉంటుంది, మీకు పీస్ రేటు. సొంత షాపు అన్న తృప్తి ఉండదు, లాభం తక్కువ. ఏడాది తర్వాత విడిపోవాలంటే గొడవ కాకుండా ఉండాలి గనుక ఆ మాట మొదటి రోజే అనుకోవాలి. కానీ ఒక్క యాసంగి ఇట్ల గడిపితే ఆ ఊళ్లలో ఎవరు ఇస్తారో ఎవరు తిప్పుతారో వేరే వాళ్ల డబ్బుతో తెలుస్తుంది.

నన్నడిగితే రెండో దారి, లేదా మూడు నుంచి రెండుకు. కానీ నేను మీ ఓనర్‌ను చూడలేదు, మీరు పదమూడేళ్లుగా చూస్తున్నారు.

ఆయనతో చెప్పే విషయానికి వస్తే, ముందు ఆ 20,000 తీర్చండి. మీ 1,40,000 నుంచే తీర్చండి. బాకీ ఉన్న మనిషి "పోతున్నా" అంటే పారిపోతున్నట్టు వినిపిస్తుంది, బాకీ తీర్చిన మనిషి అంటే చెప్పి వెళ్తున్నట్టు ఉంటుంది. నెల ముందు చెప్పండి, యాసంగి మధ్యలో కాదు. షాపు బుక్కులోని గిరాకీ నంబర్లు ఫోన్‌లోకి ఎక్కించుకున్నానని రాశారు. అవి తీసేయండి. మిమ్మల్ని మిమ్మల్నిగా ఎరిగినవాళ్లు ఎట్లాగూ వెతుక్కుంటూ వస్తారు. ఇంకో సంగతి, తీగ హోల్‌సేల్ వాళ్లు కొత్త షాపుకు నెల ఉద్దెర ఇవ్వాలంటే ఎవరో ఒకరు "మనోడే, ఇయ్యి" అనాలి. పదమూడేళ్లు మీతో పని చేయించుకున్న మనిషి ఒక్క ఫోన్ కొడితే లక్ష రూపాయల సరుకు నెల రోజులు మీ దగ్గర ఉంటుంది. అది ఏ బ్యాంకూ ఇంత తొందరగా ఇవ్వదు. "పోనియ్యడు" అన్నారు. అట్లయినా మొహం మీద చెప్పి రండి, వరంగల్ చిన్నది.

బామ్మర్ది విషయంలో నేను కొంచెం కఠినంగా ఉంటాను. సగం వాటా అన్నారు, దేంట్లో సగం? మీ జీతం పోను మిగిలినదాంట్లోనా, మొత్తంలోనా? నష్టంలో కూడా సగమా? ఏమీ రాసుకోకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం లాభనష్టాలు సమానం, రోజంతా చెమటోడ్చినందుకు మీకు విడిగా జీతం కూడా రాదు. బాకీలవాళ్లు అడిగితే ఇద్దరి సొంత ఆస్తులూ జవాబు చెప్పాలి. ఈ మాట అతనికి తెలుసా? తెలియకపోతే అతనికీ అన్యాయమే. నా సలహా, అతని డబ్బు వాటాగా కాకుండా అప్పుగా తీసుకోండి. వడ్డీ ఎంత, మొదటి పంట డబ్బు వచ్చాక ఎప్పటి నుంచి తీర్చాలి, ప్రామిసరీ నోటు మీద రాయండి. డబ్బు బ్యాంకు ఖాతాలోకే రావాలి. 20,000, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. అతను "బావా, మనలో మనకు కాగితమెందుకు" అంటాడు. అప్పుడు "మనలో మనం కాబట్టే" అనండి. అతను వాటాకే పట్టుబడితే ఒప్పందపత్రం రాయించి, మీ పనికి నెలకు ఇంత అని ముందు తీసేసి, మిగిలినదే పంచుకునేలా పెట్టండి.

సర్కారు లోన్ల గురించి అడగలేదు గానీ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ వరస ముఖ్యం. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ల కింద శిశు అంటే 50,000 దాకా, కిశోర్ అంటే 50,000 నుంచి 5 లక్షల దాకా, ఆస్తి తాకట్టు అడగరు. పీఎంఈజీపీలో (కొత్త యూనిట్లకు సబ్సిడీతో లోన్ ఇప్పించే కేంద్ర పథకం) బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, మహిళలకు పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం సబ్సిడీ. ఆ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, చేతికి రాదు. కొత్త యూనిట్‌కే ఇస్తారు, షాపు తెరిచేసి ఆ తర్వాత పోతే "మీది నడుస్తున్న షాపు" అంటారు. కాబట్టి వెళ్లాలనుకుంటే ముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి ఇప్పటి నిబంధనలు, గడువు కనుక్కోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రూపాయి ఖర్చు లేదు, ఆధార్, పాన్ నంబర్లతో మీరే చేసుకోవచ్చు, "చేసిపెడతాం, రెండు వేలు" అనేవాళ్లకు ఇవ్వకండి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ కావాలి. ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితేనే జీఎస్టీ, మీరు ఇప్పుడే దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. బ్యాంకువాళ్లు మాత్రం మీ ఖాతాలో ఏముందో చూస్తారు. జీతం చేతికి తీసుకుంటున్నారు కనుక అందులో ఏమీ ఉండదు. ఈ నెల నుంచే జీతం ఫోన్‌పేలో వేయమని ఓనర్‌ను అడగండి, కుదరకపోతే మీరే ప్రతి నెలా అదే తేదీకి ఖాతాలో కట్టండి.

ఉద్దెర అసలు ఇవ్వనని కూర్చుంటే నర్సంపేటలో షాపు నడవదు, అది నాకూ తెలుసు. ఎంతవరకు అన్నదే ప్రశ్న. తీగ, సామాను ఖర్చు 3,500 మోటరు ఇచ్చేటప్పుడే, మీ కూలి 1,500 పంట మీద అని మాట పెట్టి చూడండి. సగం మందైనా ఒప్పుకుంటారు. ఒప్పుకోని రైతుకు తేదీ పెట్టకండి, పంట పెట్టండి. "మిర్చి ఎనుమాముల (వరంగల్ మార్కెట్ యార్డు) పోయినాక" అంటే ఆయనకు అర్థమవుతుంది, "మార్చి 15" అంటే నవ్వుతాడు. పాత బాకీ తీరకుండా రెండో మోటరు ఉద్దెర వద్దు. కాలిన పాత రాగి ఎవరిదన్నది కూడా ముందే మాట్లాడండి. మీ ఓనర్ దగ్గర అది షాపుకే ఉండిపోయే అలవాటు ఉండొచ్చు, కొత్త చోట దాని మీదే మొదటి గొడవ వస్తుంది. వాపసు మోటర్లు కూడా వస్తాయి. పది రోజులకే మళ్లీ కాలితే "నీ వైండింగే మంచిగ లేదు" అంటారు, రెండోసారి గుంజిన కూలి ఎవరిస్తారని అడుగుతారు. బిల్లు మీద రెండు లైన్లు రాయండి, చుట్టుడులో తప్పయితే మీది, నీళ్లు లేక ఒట్టిగా తిరిగి కాలితే ఆయనది. కాలిన కాయిలు విప్పి ఆయన ముందే చూపించండి, దాచిపెట్టకండి.

మీ ఇంటామె గురించి. "ఆడవాళ్లకు వ్యాపారం ఏం తెలుస్తది" అని రాశారు. ఉత్తరమంతా చదివితే అసలు ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే. "నెల మధ్యల బియ్యం ఒడిస్తే ఎవరిని అడగాలె?" అందట. నేను పైన ఇంతసేపు అంకెలు వేసి చెప్పింది అదే మాట. ఆమె ఇంటర్ చదివింది, కుట్టు గిరాకీ బాకీలు గోడ మీది క్యాలెండర్లో రాసుకుంటుందని మీరే రాశారు. ఉద్దెర పద్దు ఆమె చేతికివ్వండి. మీరు మొహమాటానికి "పోనీలే" అనే చోట ఆమె అనదు. బంగారం మాత్రం ఇప్పుడు అడగకండి. వానకాలం నాలుగు నెలలు గడవకపోతే అప్పుడు అక్కరకొచ్చేది అదొక్కటే. ప్రారంభానికే కుదువ పెడితే ఆగస్టులో పెట్టడానికి ఏమీ ఉండదు. ఎకరంన్నర ఊసెత్తలేదు, సంతోషం, ఎత్తకండి.

మీ లెక్కల కాగితం మళ్లీ రాయండి, ఈసారి పన్నెండు నెలలకు పన్నెండు గడులతో. ఒక్కో నెలకు ఎన్ని మోటర్లు, ఎన్ని ఫ్యాన్లు, నగదు ఎంత, బుక్కులో ఎంత. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. ఏ గడిలోనైనా చేతిలో డబ్బు సున్నా కంటే కిందికి పోతే ఆ నెల పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో గీయండి. ఆ నెలకు డబ్బు ఎక్కణ్నుంచో తేలాకే షట్టర్ ఓనర్‌కు ఫోన్ చేయండి.

బోర్డు మీద పేరు అడిగారు. పిల్లల పేర్లు కలిపి పెడతానన్నారు, బాగుంది. పేరు ఎంత చిన్నగా ఉన్నా సరే, ఫోన్ నంబరు మాత్రం మూరెడు అక్షరాలతో, రాత్రిపూట బండి లైటుకు మెరిసే రంగుతో రాయించండి. తెల్లవారుజామున మూడింటికి మోటరు కాలిన మనిషి చదివేది ఆ నంబరే.